పక్క సీట్లోంచి వచ్చిన చెయ్యి

నాకు కోపం ముక్కు మీద ఉంటుంది. నా దగ్గర డ్రైవింగ్ నేర్చుకున్న వాళ్ళని ఎవర్నడిగినా ముందు ఇదే చెప్తారు, నేర్పడం బాగా నేర్పుతాడన్న మాట తర్వాతే. "అమ్మా, అది గేరు, గరిటె కాదు, అలా కలపకండి!" అని నేను అరిస్తే పక్క వీధిలో వెళ్ళేవాళ్ళు కూడా ఉలిక్కిపడి గేరు మారుస్తారని మా బావ వేళాకోళం. పోనివ్వండి. ఇది నా గురించి కాదు, మా అక్క గురించి. నా సంగతి కూడా వస్తుంది, తప్పదు. అది రాకుండా చెప్పాలని రెండేళ్ళు చూశాను, కుదరలేదు.

అక్క ఒక రక్తపరీక్షల ల్యాబులో ఇరవై ఒక్క ఏళ్ళుగా పనిచేస్తోంది. ఇరుకు మెట్లెక్కి వెళ్తే ప్లాస్టిక్ కుర్చీల వరస, ఆ చివర పచ్చ కర్టెన్, కర్టెన్ వెనక ఒక చిన్న గది. ఆ గదిలో కూర్చుని రక్తం తీస్తుంది. అదేం గొప్ప, అందరూ తీస్తారు అంటారేమో. అక్కది తేలిక చెయ్యి. సూది చూస్తేనే కళ్ళు తిరిగే మగాళ్ళు ముందుగా ఫోన్ చేసి "ఆవిడ ఉన్నారా?" అని కనుక్కుని, లేకపోతే మర్నాడు వచ్చేవాళ్ళు. మోచేతి పైన రబ్బరు కట్టి, మడతలో రెండు వేళ్ళతో తడిమి, "ఇవాళ ఏం కూర?" అని అడుగుతుంది. పరగడుపున వచ్చిన మనిషి కూర గురించి ఆలోచించేలోపు దూది పెట్టేసి "గట్టిగా నొక్కి పట్టుకోండి" అంటుంది. "అప్పుడే అయిపోయిందా!" అని అందరిదీ ఒకటే మాట. ఆ మాట వినడం అక్కకి ఎంత ఇష్టమో నాకు తెలుసు. మూతి బిగించుకుని నవ్వు దాచుకుంటుంది.

ల్యాబు నడిపే మేడమ్ గారు ఒక చిన్న వ్యాన్ కొనాలనుకున్నారు. మంచం దిగలేని వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి రక్తం తీసుకురావడానికి. బండి నడిపే మనిషీ, రక్తం తీసే మనిషీ ఒకరే అయితే మేలని ఆవిడ ఆలోచన. "నీకు డ్రైవింగ్ వస్తే ఆ వ్యాన్ నీదే" అన్నారట అక్కతో. అప్పటికి అక్కకి నలభై ఆరు. జీవితంలో సైకిల్ కూడా తొక్కలేదు. ఆ సాయంత్రమే నా స్కూలుకొచ్చి, ఫీజు బల్ల మీద పెట్టి, "తమ్ముడివని తేరగా నేర్పకు, అప్పుడు అరవడానికి మొహమాటపడతావు" అంది.

నేను మొహమాటపడనూ లేదు, తక్కువ అరవనూ లేదు. మూడో రోజు అక్క బండి పక్కకి తీసి ఆపి, "నోరు మూసుకుని నేర్పరా. ఇంజను ఆగిపోయేది నా క్లచ్చుకి కాదు, నీ అరుపుకి" అంది. వెనక సీట్లో ఉన్న ఇంకో స్టూడెంటు పకపకా నవ్వాడు. నలభై రోజులకి ఆవిడ నడిపితే గ్లాసులో నీళ్ళు తొణకలేదు, నిజంగా పెట్టి చూశాను. అదే తేలిక చెయ్యి, సూది మీద ఉన్నదే స్టీరింగ్ మీదకి వచ్చింది. మొదటిసారికే లైసెన్సు. చేయి అలవాటు కావడానికని ఒక పాత చిన్న కారు కొనుక్కుంది, దానికి ఒక తలుపు రంగు వేరు. మా బావకి కారెక్కితే కడుపులో తిప్పుతుంది. అక్క నడిపితే తిప్పలేదు. ఆయన ఇచ్చిన సర్టిఫికెట్ అది.

ఇక్కడ నా స్కూలు సంగతి ఒక ముక్క చెప్పాలి. మూడు కార్లు. బోర్డు మీద పెద్ద అక్షరాలతో "ఇరవై ఏళ్ళు, ఒక్క యాక్సిడెంటు లేదు" అని రాయించుకున్నాను. స్కూలు కార్లలో మాస్టరు కూర్చునే పక్క సీటు దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఇరవై ఏళ్ళు ఆ సీట్లోనే కూర్చున్నాను. నా కాలు ఎప్పుడూ ఆ బ్రేకు మీదే, నా చెయ్యి ఎప్పుడూ స్టీరింగ్ కింది భాగం అందుకోడానికి సిద్ధంగానే. ఆలోచించి చేసేది కాదది. కంట్లో దుమ్ము పడితే మీరు కన్ను మూసుకున్నట్టే.

అక్క లైసెన్సు వచ్చిన మూడో వారం, పొద్దున ఏడింటికి, వ్యాన్ తిరగబోయే దారి చూసుకుందామని తన కారులో బయల్దేరింది. నేను పక్కన కూర్చున్నాను. పళ్ళ డాక్టరు క్లినిక్ ఉన్న వీధిలో, ఒక సందులోంచి సైకిల్ మీద ఒకావిడ బయటికొచ్చింది, హ్యాండిల్‌కి రెండు సంచులు. అక్క ఆవిడని నాకంటే ముందే చూసింది. కాలు బ్రేకు మీదకి వెళ్ళింది, బండి నెమ్మదిస్తోంది. అవన్నీ నేను చూశాను. అయినా "బ్రేక్!" అని గావుకేక పెట్టాను. పెట్టి, నా కాలు నేలకేసి తొక్కాను. అక్కడ బ్రేకు లేదు, ఉత్త మ్యాటు. కాలికి బ్రేకు తగల్లేదు. చెయ్యి తనంతట తనే వెళ్ళి స్టీరింగ్ కింద పట్టుకుని నా వైపుకి ఒక్క లాగు లాగింది. బండి వెళ్ళి పళ్ళ డాక్టరు గారి ఆగి ఉన్న కారుకి వెనక తగిలింది. సైకిలావిడ తన దారిన తను వెళ్ళిపోయింది, ఆవిడకి ఏమైందో కూడా తెలీదు.

నా కేకకి అక్క కళ్ళు గట్టిగా మూసుకుంది. తెరిచేసరికి నా చెయ్యి నా ఒళ్ళో ఉంది. హెడ్‌లైటు ముక్కలు రోడ్డు మీద ఉన్నాయి. పళ్ళ డాక్టరు చేతులకి గ్లవ్స్‌తోనే పరిగెత్తుకొచ్చాడు.

"నేనే తిప్పానా?" అని అడిగింది అక్క.

ఇదిగో, ఇక్కడే. ఈ ఒక్క ప్రశ్నకి జవాబు చెప్పడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఆ క్షణంలో నా కళ్ళ ముందు సైకిలూ లేదు, అక్కా లేదు, నా బోర్డు ఉంది. "కంగారుపడ్డావక్కా. కొత్తవాళ్ళందరూ ఇంతే, ఏం పర్లేదు" అన్నాను. ఎంత మెత్తగా అన్నాననుకున్నారు! జన్మలో ఏ స్టూడెంటుతోనూ అంత మెత్తగా మాట్లాడలేదు.

అక్క నమ్మింది. నమ్మదా మరి? ఇరవై ఏళ్ళ మాస్టరు, పైగా తోడబుట్టినవాడు.

ఇన్సూరెన్సు పద్ధతి నా స్టూడెంట్లకి మొదటి రోజే చెప్తాను, మీకూ చెప్తాను. ఏ యాక్సిడెంటూ లేకుండా ఏడాది గడిస్తే తర్వాతి ఏడాది ప్రీమియం కాస్త తగ్గుతుంది. అలా ఏటా ఒక మెట్టు. ఒక్క యాక్సిడెంటు మన తప్పు వల్ల జరిగిందని తేలితే మెట్లన్నీ జారి కిందకొచ్చి పడతాం, ఆ తర్వాత మూడేళ్ళపాటు మామూలు కంటే ఎక్కువ కట్టాలి. తప్పు మనది కాకపోతే మనకేం కాదు. అందుకని కారు ఎంత నలిగిందన్నది కాదు, తప్పెవరిది అన్న గడిలో ఏం రాశారన్నదే ముఖ్యం. ఆ మచ్చ కారుకి కాదు, మనిషి పేరుకి అంటుకుంటుంది. ఆ మనిషి రేపు ఎవరి బండి నడిపినా ఆ బండి ప్రీమియం కూడా పెరుగుతుంది. "కాబట్టి ఫారం మీద అబద్ధం రాయకండి, నిజం రాయడానికి సిగ్గుపడకండి" అని పాఠం ముగిస్తాను. పెద్ద మాస్టర్ని మరి!

ఆ రోజు అక్క చేతులు వణుకుతుంటే ఫారం నేనే నింపాను. వాళ్ళ వంటింటి బల్ల దగ్గర కూర్చుని, నా ముత్యాల్లాంటి దస్తూరీతో. కారణం అన్న చోట "డ్రైవరు కంగారులో స్టీరింగ్ తిప్పడం వల్ల" అని రాశాను. పక్కన ఎవరున్నారు అన్న చోట "తమ్ముడు" అని రాశాను. డ్రైవింగ్ మాస్టరు అని రాస్తే వంద ప్రశ్నలు వేస్తారు, మాస్టరు తప్పయితే నా మూడు కార్ల ప్రీమియం పెరుగుతుంది, బోర్డు చెరిపేసుకోవాలి. తమ్ముడు అన్నది అబద్ధం కాదు కదా అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. థూ, నా బతుకు!

అక్క సంతకం పెట్టి, "నీ టైమంతా పాడుచేశానురా" అని నాకు టీ ఇచ్చింది. తాగాను కూడా.

నెల తిరక్కుండానే ల్యాబు మేడమ్ గారు పిలిచారు. ఆవిడ మంచి మనిషే. "వ్యాన్ పాలసీలో నీ పేరు రాద్దామంటే ప్రీమియం బాగా పెంచుతామంటున్నారమ్మా. మూడేళ్ళు ఆగు, అప్పుడు చూద్దాం" అన్నారు. వ్యాన్ ఇంకొకరికి ఇచ్చారు. అక్క ఇంటికొచ్చి అన్నం మామూలుగానే తిన్నదని బావ చెప్పాడు. పెరిగిన ప్రీమియం నేను కడతానని వెళ్ళాను. "చేసింది నేనైతే నువ్వెందుకు కడతావు?" అని మొహం మీద చెప్పింది. కుక్కిన పేనులా తిరిగొచ్చాను.

అక్కడితో ఆగుంటే నేనూ మర్చిపోయేవాణ్ణేమో, మనిషి ఎంతకైనా దిగజారతాడు. ఆగలేదు. అక్క కారుకి కవరు వేసేసింది. ఆ తర్వాత ల్యాబులో తనే అడిగి పచ్చ కర్టెన్ వెనక గదిలోంచి బయటికొచ్చేసింది. గొట్టాల మీద పేర్లు అంటించే బల్ల దగ్గర కూర్చుంది. "వయసొచ్చింది, చెయ్యి నిలవట్లేదు" అని చెప్పిందట. నలభై ఆరేళ్ళకి వయసేమిటి? మేనకోడలికి, అంటే అక్క కూతురికి, పాప పుట్టింది. అందరూ ఎత్తుకుని ముద్దులాడుతుంటే అక్క కింద చాప మీద కూర్చుని, "ఎవరైనా నా ఒళ్ళో పెట్టండి, నేను ఎత్తను" అంది. "అమ్మమ్మకి పాపంటే భయం!" అని అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. నేను చెప్పుల కోసం వెతుకుతున్నట్టు బయటికి వెళ్ళిపోయాను.

చెప్పాలని అనుకోలేదా అంటే, అనుకున్నాను. వెళ్ళిన ప్రతిసారీ అనుకున్నాను.  నెల అయ్యాక చెప్తే నెల రోజులు ఎందుకు దాచావంటుంది, ఏడాదయ్యాక చెప్తే ఏడాది ఎందుకు దాచావంటుంది. ఆలస్యానికి సిగ్గుపడి ఇంకా ఆలస్యం చేశాను. ఈలోగా స్కూల్లో నా అరుపులు ఎక్కువయ్యాయి. పాపం, నా స్టూడెంట్లు ఎవరి తిట్లు తిన్నారో వాళ్ళకి తెలీదు.

మొన్న అమ్మకి ఒంట్లో నలతగా ఉంటే డాక్టరు రక్తపరీక్షలు రాశారు. పరగడుపున ల్యాబుకి తీసుకెళ్ళాను. అమ్మ చేతులు ఎండిన కాడల్లా ఉంటాయి, నరం దొరకదు. అక్క ఉంది కదా అని ధీమాగా వచ్చింది. అక్క బల్ల దగ్గర్నుంచి లేవలేదు.

"నేను తియ్యనమ్మా. లోపల ఉన్నావిడ బాగా తీస్తుంది."

"కూతురు ఉండగా ఇంకొకళ్ళ చేత పొడిపించుకోనా? నీ చేతికేమైందే?"

"దానికి బుద్ధి లేదమ్మా. ఎప్పుడు ఏం చేస్తుందో నాకే తెలీదు" అంది అక్క, గొట్టం మీద పేరు అంటిస్తూ.

లోపలున్నావిడ మంచిదే, నాలుగు చోట్ల గుచ్చింది, నరం అందలేదు. నాలుగోసారి అమ్మ "అబ్బా" అన్నది బయటికి వినిపించింది. అక్క చెవులు మూసుకోలేదు, లేవలేదు. చేతులు రెండూ బల్ల కిందకి దాచుకుంది.  ఊరంతా కోరి పిలిపించుకున్న చేతులవి. ఆ చేతుల్ని దొంగసొత్తులా దాచుకునేలా చేసింది నేను, నా ముత్యాల దస్తూరీ.

"రేపు మళ్ళీ తీసుకొస్తాలే" అని అమ్మని ఇంట్లో దింపి, తిన్నగా ఇన్సూరెన్సు ఆఫీసుకెళ్ళాను. నా పిరికితనం చూడండి, అక్క ముందు నోరు పెగలక ముక్కూ మొహం తెలీని వాళ్ళ దగ్గరికి పోయాను. తీరా క్లెయిముల బల్ల దగ్గర కూర్చున్నావిడ లేచి నిలబడి "నమస్కారం మాస్టారూ! నన్ను గుర్తుపట్టలేదా? మీ దగ్గరే నేర్చుకున్నాను" అంది. భూమి చీలి నన్ను మింగితే బాగుండుననిపించింది. అంతా చెప్పాను. ఆవిడ పాత ఫైలు తీసి, నా దస్తూరీ మీద వేలు పెట్టి మొదటి నుంచీ చదివింది.

"మాస్టారూ, మీ మూడు కార్ల మీదా పడుతుంది. తప్పుడు వివరం ఇచ్చినందుకు పైవాళ్ళు కూడా పిలుస్తారు."

"పడనివ్వమ్మా."

"మొదటి రోజు పాఠం ఇదే కదా మాస్టారూ" అంది, నెమ్మదిగా, తప్పు పట్టడానికి కాదు, నిజంగా అర్థంకాక.  కొత్త కాగితం ఇచ్చి, జరిగింది రాయమంది. రాశాను. పక్కన ఉన్నది ఎవరు అన్న చోట ఈసారి "డ్రైవింగ్ మాస్టరు" అని రాశాను. తీసుకెళ్ళి ఇస్తే చూసి, వెనక్కి నా ముందుకే తోసింది.

"మీ అక్కగారి సంతకం కూడా కావాలి. మచ్చ ఉన్నది ఆవిడ పేరు మీద కదా. ఆవిడ చదివి సంతకం పెట్టాలి."

తప్పించుకుందామనుకున్న గుమ్మానికే మళ్ళీ పంపించింది. మంచి పని చేసింది.

మర్నాడు అమ్మని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, కాగితం అక్క బల్ల మీద పెట్టాను. "ఇది చదువక్కా" అన్నాను.  అక్క కళ్ళజోడు పెట్టుకుని చదివింది. ఒకసారి చదివి, మళ్ళీ మొదటికి వెళ్ళింది. తిడుతుందనుకున్నాను. చెంప మీద ఒకటి ఇస్తుందనుకున్నాను, ఇస్తే బాగుండుననుకున్నాను.

"ఆ రోజు నా కాలు ఎక్కడుంది?" అని అడిగింది.

"బ్రేకు మీద."

"సైకిలావిడ?"

"నువ్వు చూశావక్కా, నాకంటే ముందే. స్లో చేశావు. నేను లేకపోతే బండి దానంతట అది ఆగేది. నువ్వేం తప్పు చెయ్యలేదు."

అక్క కళ్ళజోడు తీసి, రెండు చేతులూ బల్ల మీద పరుచుకుని చూసుకుంది, ఎన్నాళ్ళకో ఇల్లు చేరిన వాళ్ళని చూసినట్టు.

"ప్రీమియం పోతే పోయిందిరా" అంది. "వ్యాన్ పోయినా పోయింది. పిల్లకి ఏడాది నిండింది. నేను ఇంతవరకూ ఎత్తుకోలేదు."

నేను ఏడ్చాను. కుర్చీల వరసలో ఉన్నవాళ్ళంతా చూస్తున్నారు, సూదికి భయపడ్డాననుకుని ఉంటారు. అక్క ఓదార్చలేదు. లేచి వెళ్ళి సబ్బుతో చేతులు కడుక్కుంది, మోచేతుల దాకా, చాలాసేపు. తుడుచుకుని పచ్చ కర్టెన్ పక్కకి లాగింది.

"రా. చొక్కా చెయ్యి మడుచు."

"నాకెందుకక్కా? అమ్మకి కదా."

"అమ్మ చెయ్యి ముందు పట్టుకోను. నీది పట్టుకుంటా. తప్పినా పర్లేదు."

సంతోషంగా మడిచాను. పొడవనీ, నాలుగు చోట్ల కాదు, నలభై చోట్ల పొడవనీ అనుకున్నాను. కుర్చీలో కూర్చుని పళ్ళు బిగించాను. రబ్బరు కట్టింది. మోచేతి మడతలో రెండు వేళ్ళు ఆగాయి. వేళ్ళు వణుకుతున్నాయి, నాకు తెలుస్తోంది. కాసేపటికి ఆ వణుకు తగ్గింది.

"మీ ఆవిడ ఇవాళ ఏం కూర చేస్తోంది?" అంది.

నేను జవాబు వెతుక్కుంటున్నాను. చెయ్యి మీద దూది పెట్టింది.

"గట్టిగా నొక్కి పట్టుకో."

"అప్పుడే అయిపోయిందా?" అన్నాను. నాకు కావలసిన నొప్పి ఇసుమంత కూడా ఇవ్వలేదు మా అక్క. అంత సిగ్గు నా జన్మలో పడలేదు.

ఆవిడ గొట్టం మీద నా పేరు అంటించింది. నా కాగితం దగ్గరికి లాక్కుని, చివర సంతకం పెట్టి, నా జేబులో దోపింది. నా మొహం వైపు మాత్రం చూడలేదు.

"ఇక లే," అంది, "అమ్మని కూర్చోనివ్వు."